కుడిచేతి కింద

ఆ వీధిలో ఆమెను అందరూ కుర్చీలమ్మ అనే పిలుస్తారు. పాత సోఫాలకూ కుర్చీలకూ గుడ్డలు మార్చడం ఆమె పని. మేకులు పీకి, చిరిగిన గుడ్డ ఊడదీసి, లోపలి పీచు దులిపి, కొత్త గుడ్డ బిగించి ఇస్తుంది. ఒకసారి ఒక పెద్దాయన వెడల్పాటి చేతుల కుర్చీ తెచ్చి ఇచ్చాడు. దాని కుడిపక్క, కింది భాగంలో గుడ్డ నూనె పట్టినట్టు నల్లబడి ఉంది. వాళ్ళింట్లో కుక్కేదో రోజూ ఆనుకుని కూర్చుంటుందని ఆమెకు చూడగానే తెలిసింది. కుర్చీ బాగుచేసి పెట్టింది గానీ ఆయన మళ్ళీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. దుకాణంలో చోటు చాలక దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

గొడవ అప్పుడే మొదలైంది. కాకపోతే కుర్చీ వల్లనని ఎవరికీ తట్టలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, బస్సు నడిపే భర్త, మసిగాడు. మసిగాడంటే నల్ల కుక్క. కళ్ళు కూడా తెరవని పిల్లప్పుడు దూదితో పాలు పట్టి పెంచింది వాణ్ణి. ఆమె కొంగు పట్టుకు తిరిగే రకమే అయినా, ఎవరిమీదా పళ్ళు చూపించి ఎరగడు. అలాంటివాడికి ఉన్నట్టుండి కుళ్ళు పుట్టింది. ఆమె ఆ కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి కిందికి వేలాడేస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి చేతికింద మూతి దూర్చి పైకెత్తేవాడు. గిన్నెలో తిండి ముట్టకుండా, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు దాని చుట్టూ కాపలా తిరిగేవాడు. ఒక సాయంత్రం భర్త ఆ కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి ఆమె చేతికి తల ఆనించబోతే, ఎగిరొచ్చి ఆయన మణికట్టు పట్టేశాడు. రక్తం వచ్చింది.

"నీ ముద్దుల కొడుక్కి నేను సవతినయ్యాను," అన్నాడాయన గాయం కడుక్కుంటూ.

నవ్వులాటకే అన్నాడు గానీ, తర్వాతి మాట నవ్వులాట కాదు. వీడి బుద్ధి మారకపోతే తీసుకెళ్ళి బస్సుల డిపోలో కాపలాకు కట్టేయిస్తానన్నాడు. గొలుసుతో, ఎండలో. అన్నాడంటే చేసి తీరే మనిషి.

మర్నాడే కుక్కల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ అంతా విని, ఇంట్లో రెండో కుక్క ఉందా అని అడిగింది. లేదంటే కాస్త ఆశ్చర్యపోయింది. ఇవన్నీ రెండు కుక్కలున్న ఇళ్ళల్లో కనిపించే వేషాలంది. చెప్పిన చిట్కా మాత్రం తేలికైనదే.

"మీదికొచ్చి తోసినప్పుడు పలకరించకండి, మొహం తిప్పేసుకోండి. మరీ పేచీ పెడితే పక్కగదిలో ఉంచి తలుపెయ్యండి. చప్పుడు చెయ్యకుండా పక్కన కూర్చున్నప్పుడే నిమరండి. బుద్ధిగా ఉన్నవాడికే ముద్దు అని వాడికి తెలిసిరావాలి."

ఆమె అక్షరాలా పాటించింది. మసిగాడు మూతి దూరిస్తే చేతులు కట్టుకుని గోడకేసి చూసేది. గుర్రుమంటే వంటింట్లోకి నెట్టి గడియ పెట్టేది. వాడి మొహం చూడలేకపోయేది. అయినా వాణ్ణి దక్కించుకోవాలంటే ఇదొక్కటే దారి.

మెల్లగా వాడు దగ్గరికి రావడం తగ్గించాడు. గుమ్మంలో పడుకుని, ఆమె చేతివంకే చూస్తూ సన్నగా ఏడ్చేవాడు. కానీ పని అలసటతో ఆమెకు కునుకు పట్టినప్పుడు మాత్రం, చేతికింద మెత్తగా, చల్లగా ఒక తల ఆనేది. తోసేది కాదు. ఆమె కళ్ళు తెరవకుండానే నిమిరి, మావాడు దారిలో పడ్డాడని మురిసిపోయేది.

ఆవేళ సాయంత్రం వాన పట్టుకుంది. మబ్బుకు పెందరాళే చీకటి పడింది, కరెంటు కూడా పోయింది. మసిగాడు కుర్చీ చుట్టూ తిరుగుతూ ఒకటే మొరుగుడు. విసుగొచ్చి వాణ్ణి వంటింట్లో పెట్టి గడియ వేసి, కుర్చీలో వాలింది. చూరు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ చప్పుడుకు కళ్ళు మూతలు పడ్డాయి. ఎక్కడినుంచో తడిసిన బొచ్చు వాసన వస్తోంది.

చేతికింద తల ఆనింది.

"బంగారం," అంది మగతలోనే. "ఇలా ఉంటే నిన్నెవరు పంపిస్తారు చెప్పు?"

నుదురు నిమిరింది. మెడ నిమిరింది. చెవిని వేళ్ళ మధ్యకు తీసుకుంది.

చెవి సగమే ఉంది.

మసిగాడి చెవులు రెండూ నిండుగా ఉంటాయి...

వంటింటి తలుపు వెనక గోళ్ళు గీరిన చప్పుడు. ఆ వెంటనే సన్నగా ఏడుపు. అది మసిగాడి గొంతు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మసీ..." అంది పెదవులతోనే, వంటింటి వైపు తల తిప్పి.

చేతికింద చల్లటి మూతి దూరింది. చేతిని పైకెత్తింది. ఆమె కదల్లేదు. మళ్ళీ ఎత్తింది... ఈసారి గట్టిగా. తర్వాత చేతికింద ఏమీ లేదు.

నేలమీద గోళ్ళ చప్పుడు వంటింటి వైపు వెళ్ళింది. లోపల ఏడుపు ఠక్కున ఆగింది. తలుపు కింది సందులో ఏదో గట్టిగా వాసన పీలుస్తోంది. గడియ కదిలింది...

ఆమెకు తోచింది ఒక్కటే.

"రా," అని గొణిగింది చెయ్యి చాచి. "నువ్వే నా బంగారం. వాడు కాదు... నువ్వే."

గోళ్ళ చప్పుడు వెనక్కి వచ్చింది. తల ఆనింది. భర్త వచ్చి తలుపు తట్టేదాకా ఆమె నిమురుతూనే ఉంది.

మర్నాడు ఆ కుర్చీని ముక్కలు చేసి, దుకాణం వెనక తగలబెట్టింది. మంచి కుర్చీ అని భర్త నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి చల్లటి మూతి ఒళ్ళోకే వచ్చింది. ఇన్నాళ్ళూ నిమిరి అలవాటు చేసింది తనే మరి.

మసిగాడు ఇంట్లోనే ఉన్నాడు. డిపో మాట ఇప్పుడెవరూ ఎత్తరు. తిండి భర్తే పెడతాడు, వాడి నిద్ర ఆయన పాదాల దగ్గరే. డాక్టరమ్మ చిట్కా భలే పనిచేసిందని ఆయనకు సంబరం. తను పెంచిన వాడు ఆయన కాళ్ళ దగ్గర ఒదిగి పడుకుంటే ఆమెకు కుళ్ళు పుడుతుంది. అయినా వాణ్ణి ముట్టుకోదు. వాడివైపు చూడను కూడా చూడదు.

ఒక సాయంత్రం ఆయన హుషారుగా కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా సవతిపోరు తీరిపోయింది అంటూ ఆమె కుడిచేతిమీద చెయ్యి వేశాడు.

కిందనుంచి గుర్రుమని వినిపించింది.

"చెయ్యి తియ్యండి," అంది ఆమె.

మళ్ళీ మొదలెట్టావురా అంటూ ఆయన నవ్వుతూ తన పాదాల వైపు వంగి చూశాడు. మసిగాడు అక్కడే గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది గానీ, చెయ్యి తియ్యడం మరిచిపోయాడు.