అక్క కొలతలు

బట్టల దుకాణాల వరుస కింద, పన్నెండు మెట్లు దిగితే ఆ కుట్టుకొట్టు వస్తుంది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఎప్పటికీ వదలని మిషన్ నూనె వాసన. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క షటర్ సగానికి దించేస్తుంది. మామూలు బేరాలకి అది "తర్వాత రండి" అని చెప్పడం.

ఆ వేళకి వచ్చేవాళ్లు వేరే. షటర్ కింద నుంచి వాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. మెట్లు దిగిన చప్పుడు మాత్రం వినిపించదు.

చచ్చాక కూడా బట్టలు కుదరకపోతే చిరాకేనట. ఒంటికి పట్టని బట్టల్లో పోయినవాళ్లు దారి తెలీక తిరుగుతూ ఉంటారు. వాళ్లకి కొలత తీసి, దీపాలు పెట్టే వేళలోపు కుట్టిచ్చి, మెట్లెక్కించి పంపాలి. అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి ఈ అక్కచెల్లెళ్లకీ వచ్చిన ఆస్తి ఈ పనొక్కటే. అక్క, అమ్మ వదిలివెళ్లిన టేపుతో కొలుస్తుంది. చెల్లెలు చీటీ మీద రాస్తుంది. అలా ఎక్కి వెళ్లినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ వెనక్కి దిగలేదు.

చెల్లెలికి పదహారేళ్లు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని అక్క "బుడంకాయ" అంటుంది. ఆ పిల్లకి కొన్నాళ్లుగా ఒకటే బాధ. ఊరందరికీ కుట్టే అక్క మోచేతులు చిరిగిన కోటుతో తిరుగుతోంది. చెప్పకుండా కొత్త కోటు కుట్టి, ఆమె నోరు తెరిచేలా చెయ్యాలనుకుంది. ముదురు నీలం గుడ్డ కూడా దాచింది.

శనివారం ఎవరూ రాలేదు. అక్క ఇస్త్రీ బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. రోజువారీ టేపు ఆమె మెడలోనే ఉంది. లాగితే లేచిపోతుంది. మేకుకి అమ్మ టేపు వేలాడుతోంది.

దాన్ని ముట్టుకోవద్దని చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. కొలిచేది ఎప్పుడూ అక్కే కాబట్టి, మహిమంతా అక్క చేతిలోనే ఉందనుకుంది.

భుజం. చెయ్యి. వీపు. నడుము. నాలుగూ చీటీ మీద రాసుకుని, గుడ్డ పరిచి కత్తిరించింది. ఆఖరి ముక్క పక్కన పెట్టేసరికి అక్క కదిలింది.

"బుడంకాయ్... కిటికీ తెరిచావా? చలేస్తోందే."

నేలమాళిగకి కిటికీ ఎక్కడిది?

అక్క లేచి గుడ్డ చూసింది. చీటీ చూసింది. మేకు వైపు చూసింది. ఎప్పుడో తగిలించిన టేపు ఇంకా ఊగుతోంది.

"ఏ టేపుతో తీశావే?"

చెల్లెలు మేకు వైపు వేలు చూపించింది. అక్క తిట్టలేదు. అరవలేదు.

"కొట్టవే అక్కా... ఏదో ఒకటి అను..."

"అమ్మ ఎలా పోయిందో నీకు చెప్పలేదు కదూ. జ్వరమొచ్చి ఒక్కరోజు కుట్టలేకపోయింది. ఆ టేపుతో కొలిస్తే బతికున్నవాళ్లైనా పోవాల్సిందే. కొలత తీశాక, దీపాలు పెట్టేలోపు బట్ట కాకపోతే ఆ మనిషి బదులు కుట్టాల్సినవాళ్లు వెళ్లాలి."

"అయితే నేను కుట్టను. నేనే పోతా!"

చెల్లెలు కత్తెర తీసుకుని రెండు మిషన్ల బెల్టులూ తెంపేసింది. అక్క సూదిలో దారం ఎక్కించి, ముక్కలన్నీ ఒళ్లోకి లాక్కుంది. చెల్లెలు లాగబోతే ముంజేయి పట్టుకుంది. ఆ చెయ్యి ఐసుముక్కలా ఉంది.

"వదిలెయ్యవే. నిన్ను పెంచింది ఇందుకు కాదు."

చెల్లెలు వదిలేసింది. అక్క గట్టిగా పట్టుకున్నందుకు కాదు. ఆ చల్లదనం తగలగానే చావంటే ఏమిటో తెలిసింది, భయమేసింది. అంతే. ఆ తర్వాత గోడకి ఆనుకుని, అక్క తన కోటు తనే కుట్టుకోవడం చూస్తూ కూర్చుంది. సూది గుడ్డలో దిగే చప్పుడు... దారం లాగే చప్పుడు... మళ్లీ సూది...

పైన దుకాణాల్లో ఒక్కొక్క దీపమే వెలగడం మొదలైంది.

అక్క కోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది. భుజాలు సర్దుకుని చూసుకుంది.

"బాగా కుదిరిందే. కొలత నేర్చేసుకున్నావు."

వంగి, షటర్ కింద నుంచి వెళ్లిపోయింది. పన్నెండు మెట్లు... ఒక్క చప్పుడు లేదు.

చెల్లెలు నేల మీద పడి ఏడ్చింది. గొంతు ఎండిపోయేదాకా ఏడ్చింది. కొలత తీయకుండా ఉంటే... లాక్కుని ఉంటే... భయపడకుండా ఉంటే... ఇక అనుకుని ఏం లాభం? అక్క లేదు.

అప్పుడు చలి గాలి తగిలింది.

తలెత్తింది. షటర్ అవతల రెండు కాళ్లు. మడమల పగుళ్లు, గోరు ఊడిన చిటికెన వేలు... అక్కవే.

"అక్కా?"

కాళ్లు కదల్లేదు.

"అక్కా... వచ్చేశావా?"

"బుడంకాయ్..." గొంతు కూడా అక్కదే. చాలా మెల్లిగా, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు. "కోటు కొంచెం వదులు చెయ్యవే. నడుం దగ్గర పట్టేస్తోంది..."

"ఇందాక సరిపోయిందిగా?"

"అప్పుడు సరిపోయింది... దారి తెలీక తిరుగుతున్న అమ్మ కూడా ఇందులోకి వచ్చేసింది. ఇప్పుడు ఇద్దరికీ చాలట్లేదు."

షటర్ కింద కాళ్లు రెండే ఉన్నాయి.