ఒకటో నంబరు నొక్కితే కమలవ్వ

"మా తప్పులు దిద్దమని నిన్నెవలు అడిగిండ్రు?"

ఉమారాణి ఆ షాపులోకి రావడమే కొట్లాటతో వచ్చింది. బయట వాన. గొడుగు మూయలేదు. దాని నీళ్లన్నీ ప్రేమ్‌సాగర్ కీబోర్డు మీద పడుతున్నాయి.

కరీంనగర్‌లో కోర్టు వెనక సందులో అతనిది ఒక్క గది డీటీపీ షాపు. పెళ్లి పత్రికల నుంచి పుస్తకాల దాకా పేజీలు కట్టి ఇస్తాడు. ఆమె పుస్తకం వాట్సాప్‌లోనే వచ్చింది. మనిషిని చూడటం ఇదే మొదలు.

"నేనేం దిద్దలే మేడం!"

ఆమె ఫోన్ తెచ్చి అతని ముక్కు ముందు పెట్టింది. నిన్న అతను పంపిన పీడీఎఫ్. ప్రతి ఫుట్‌నోట్ నంబరు చుట్టూ ఎర్రటి గడి.

"గివేంది మరి? పరీక్ష పేపర్ దిద్దినట్టు పేజీ నిండ గడులు! మా పెద్దమ్మ మాటల్ల తప్పులు పట్టెటోనివా నువ్వు?"

"అవి తప్పులు కాదు, లింకులు. నంబరు నొక్కితే కింద నోటు దగ్గరికి తీస్కపోతది. గడులు సాఫ్ట్‌వేర్ దానంతటదే గీస్తది. తీసేసి రంగు పెట్టొచ్చు."

"మరెందుకు తీయలే?"

ఎవరూ అడగలేదు కనుక తీయలేదు. లోకంలో సగం పనులు ఇందుకే అట్లా పడి ఉంటాయి.

అది గోదావరిఖని కాలనీల్లో బొగ్గుబావి కార్మికుల ఇండ్ల ఆడవాళ్లు చెప్పిన కథల పుస్తకం. ఒక్కొక్కరిది ఒక్కో అధ్యాయం. మాట మధ్యలో వాళ్లు విసిరిన తిట్లూ, చాడీలూ, "గిది గూడ రాయి బిడ్డా" అన్నవీ ఫుట్‌నోట్లు. అసలు పుస్తకం ఆ కిందే ఉంది.

"ఇంకోటి. కింద అక్షరాలు గట్ల చీమలెక్క ఎందుకున్నయ్?"

"ఫుట్‌నోట్ చిన్నగనే ఉంటది మేడం. రూల్."

"గా రూల్ పెట్టినోడు బావిల దిగిండా?"

ప్రేమ్‌సాగర్ అప్పటికే ఆమె కనుబొమ్మల మీద ఆగిన వాన చుక్కను చూస్తున్నాడు.

"వచ్చే నెల మా ఆడోళ్ల మీటింగ్. పుస్తకం అందరి ఫోన్లల్ల ఉండాలె. ఒక్క తప్పు దొరికినా హైదరాబాద్‌ల ఇచ్చుకుంట. సమజైందా?"

అయింది. పుస్తకం హైదరాబాద్ పోతే ఈ మనిషి కూడా ఈ సందులోకి రాదు. అదీ అతని ఫికర్.

తర్వాత ప్రతి ఆదివారం ఆమె బస్సు దిగి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒక పేచీ.

లింకులకు నీలం పెట్టాడు. "ఆఫీసు నోటీసు లెక్కుంది." నలుపు పెట్టాడు. "లింకని ఎట్ల తెలుస్తది?" చివరికి ఎండుమిర్చి రంగు ఒప్పుకుంది.

"కిందికి పోయినోళ్లు ఆన్నే చిక్కుకుంటే ఎట్ల?"

"నోటు పక్కన చిన్న బాణం పెడుత. నొక్కితే ఎక్కడ చదువుడు ఆపిండ్రో ఆడికే మళ్ల వస్తరు."

ఆమె మొదటిసారి నవ్వింది. అతను ఆ సాయంత్రమంతా బాణాలే పెట్టాడు.

నంబర్ల దగ్గర అసలు గొడవైంది. పుస్తకమంతా ఒకే వరుస అన్నాడు.

"అంటే మా ఎల్లక్క పెద్దమ్మ ఎన్నో నంబర్ల నిలబడ్డది?"

"రెండొందలు దాటినంక."

"రేషన్ లైన్ల గూడ గట్లనే నిలబడ్డది. ఇక్కడ వద్దు. ప్రతి మనిషికి ఒకటి నుంచి మొదలుపెట్టు."

పెట్టాడు. మొదటి అధ్యాయం కమలవ్వది. అందులో ఒకటో నంబరు నొక్కి చూశాడు, బాగానే పోయింది. మిగతావీ నొక్కాలి. కానీ ఉమ పక్క కుర్చీలో కూర్చుని సర్వపిండి రొట్టె పొట్లం విప్పింది. సగం తుంచి అతని చేతిలో పెట్టింది. అంతే, పీడీఎఫ్ అట్లాగే అందరి ఫోన్లకూ వెళ్లిపోయింది.

తెల్లారి బస్టాండు నుంచి వచ్చిన రెండు ఆటోలు షాపు ముందు ఆగాయి. నిండా ఆడవాళ్లు. ముందు ఎల్లక్క.

"ఏమయ్యా, ప్రేమ్‌సాగర్ నువ్వేనా? నా కథల ఒకటో నంబరు నొక్కిన. ఏమొచ్చిందో సదువు."

అతను చదివాడు: "సమ్మె నడిచినన్ని దినాలు మా ఆయన మంచం దిగలే. మీటింగ్‌కు పోయింది నేనే, నినాదం ఇచ్చింది నేనే."

"జైలుకు పోయొచ్చిన మనిషి మా ఆయన మొండయ్య! మంచం దిగలేదా? పొద్దటి సంది బువ్వ ముట్టలేడు!"

"గది నా మాటే ఎల్లక్కా!" వెనక నుంచి కమలవ్వ అరిచింది. "నా మాట నువ్వెందుకు ఎత్తుకపోయినవ్?"

"నీ మొగని మంచం నాకెందుకే!"

ఎవరి కథలో ఒకటి నొక్కినా కమలవ్వ దగ్గరికే పోతోంది. రాత్రికి రాత్రి పుస్తకంలోని మొగుళ్లందరూ మంచమెక్కారు.

ఉమ గుమ్మంలో నిలబడింది. "హైదరాబాద్‌కే ఇయ్యాల్నా?"

ప్రేమ్‌సాగర్ స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "తప్పు నాదే. అందరికీ ఒకటి పెట్టినం గదా. మెషిన్ ముందుగాల దొరికిన ఒకటి దగ్గరికే అందరిని తోలింది. లోపల ప్రతి నోటుకు మనిషి పేరు కట్టాలె. పైన అందరు ఒకటే, లోపల ఎవలది వాళ్లదే."

కట్టాడు. వాళ్లందరూ మెడ మీద ఊపిరి వదులుతుండగా కట్టాడు. ఎల్లక్క వేలుతోనే నొక్కించాడు. ఆమె నోటు వచ్చింది: "మా మొండయ్య జైలుకు పోయిండు, లాఠీలు తిన్నడు. తిన్న గిన్నె మాత్రం ఏనాడు కడగలే."

షాపు అదిరేలా నవ్వారు.

"గిది మంచిగుందా మరి?" కమలవ్వ మూతి తిప్పింది.

"మంచిదో చెడ్డదో, నా మాట." ఎల్లక్క ప్రేమ్‌సాగర్ వైపు తిరిగింది. "గింత తెలిసినోనివి, పంపేముందు నొక్కి చూడకపోతివేంది?"

అతను ఏదో గొణిగాడు.

"ఏంది?"

మళ్లీ గొణిగాడు.

"చీమలక్షరాలల్ల మాట్లాడుతవేంది?" ఉమ కసిరింది. "పెద్దగ చెప్పు!"

అతను లేచి నిలబడ్డాడు. "నువ్వు పక్కన కూసుంటే నాకు స్క్రీన్ కనబడది! నువ్వంటే నాకిష్టం! పుస్తకం హైదరాబాద్‌కు ఇస్తే ఇయ్యి, ఆదివారం మాత్రం నువ్వు రా!"

పక్క షాపులో జిరాక్స్ మిషన్ ఆగిపోయింది.

ఎల్లక్క అతన్ని పైనుంచి కిందికి చూసింది. "తిన్న గిన్నె కడుగుతవా?"

"కడుగుత."

"కమలవ్వా, నువ్వే సాక్షి. నాకైతే పోరడు నచ్చిండు. ఇగ పోరి ఇష్టం."

ఉమ గొడుగు తీసుకుని వాళ్లతో పాటే ఆటో ఎక్కింది. సందు మలుపులో ఆటోలు రెండూ కనబడకుండా పోయాయి. ప్రేమ్‌సాగర్ కుర్చీలో కూలబడ్డాడు. కోర్టు గోడ మీద వాన మొదలైంది.

కాసేపటికి గుమ్మంలో నీడ. ఉమ. గొడుగున్నా సగం తడిసి ఉంది.

"పోయినోళ్లు తిరిగొచ్చే బాణం పెడుతనంటివి. పెట్టినవా?"

"పె... పెట్టిన."

"పనిచేస్తదా?"

అతను ఆమెను చూశాడు. "చేస్తది."

ఈసారి ఆమె గొడుగు మూసింది. గోడకు ఆనించి, పక్క కుర్చీ లాక్కుంది.

"జరుగు మరి. మా పెద్దమ్మ నోటు ఇంకా చీమలెక్కనే ఉంది. పెద్దగ చెయ్."

"రూల్..."

ఆమె కనుబొమ్మలు లేచాయి.

అతను పెద్దగా చేశాడు.