గాలికి పడిన గడియ

పేరయ్య గారి పాత మిరపకాయల గోడౌను దగ్గరికి చీకటిపడ్డాక ఎవరూ వెళ్లరు. అద్దంకి అవతల ఆ ఊళ్లో ఎవర్నడిగినా ఇదే మాట. లోపల్నించి ఎవరో తలుపు కొడతారట... ఆగి ఆగి, ఊపిరాడనట్టు... టకటక... టకటక.

కారణం కూడా వాళ్లే చెబుతారు. ఎనిమిదేళ్ల కిందట, నడివేసవిలో, ఆదెమ్మ అనే కూలిమనిషి అందులోనే పోయింది. మిర్చి బస్తాల మధ్య కాయలు ఏరుతుంటే పెద్దగాలికి తలుపు మూసుకుని బయట గడియ పడిపోయిందట. ఘాటుకి ఊపిరాడక, తలుపు కొట్టి కొట్టి ప్రాణం విడిచిందట.

గాలికి తలుపు పడుతుంది, సరే. జానెడు ఇనప గడియ తనంతట తనే జరిగి కొక్కెంలో దూరుతుందా? ఆ మాట ఊళ్లో పెద్దమనిషి అన్నవాడు ఒక్కడూ అడగలేదు. పెద్దవాళ్లింటి గడియ కదా... దానికి తెలివితేటలు కాస్త ఎక్కువే ఉంటాయి!

ఈ మాఘమాసంలో పేరయ్య కొడుకు వీరాంజనేయులు ఆ గోడౌనునే పాటలు వినే గదిగా మార్చాడు. కిటికీల్లేవు, మూరెడు మందం గోడలు, చల్లగా ఏసీ, నట్టనడుమ ఒక్క తోలు కుర్చీ. గుండెలదిరే మోత కోసం రెండు సబ్‌వూఫర్ పెట్టెలు, ఒక్కోటీ దూడంత. తలుపు మాత్రం పాతదే ఉంచారు, మంచి టేకుదని.

ఆ పెట్టెలు ఎక్కడ పెట్టాలో బిగించడానికొచ్చినవాడు చెప్పబోయాడు. పేరయ్య వాడి నోరు మూయించి సిద్ధాంతిని పిలిపించాడు. గుడిగంట తప్ప మరో మోత ఎరగని ఆ మహానుభావుడు ఒక పెట్టె ఆగ్నేయం మూల పెట్టించాడు, కరెంటుది కాబట్టి. రెండోది నైరుతి మూల, బరువైంది కాబట్టి. ఉత్తరం గోడకి బరువు తగిలితే ఇల్లు నాశనమన్నాడు. తాంబూలం పుచ్చుకుని వెళ్లాడు.

ఇక పాట పెట్టారు. మూలల్లో చెవులు చిల్లులు పడే మోత... నడిమి కుర్చీలో కూర్చుంటే మాత్రం ఏమీ లేదు. డప్పు దెబ్బ అక్కడికొచ్చేసరికి ఎవరో మింగేసినట్టు మాయం. పైగా తలుపు దగ్గర టకటక... టకటక. వీరాంజనేయులు చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. కుర్చీలో ఆదెమ్మ కూర్చుందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు.

తేల్చి ఊరుకుంటే వాళ్లు ఆ ఇంటివాళ్లెలా అవుతారు? గది తెరిచిన నెలలోనే కోడలు భవ్య కాపరానికొచ్చింది. అంతే, దెయ్యాన్ని లేపింది కోడలి పాదమే! తెల్లారగట్ల కారెక్కించి భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, వేపమండలతో కొట్టించాలి, అప్పటికీ దిగకపోతే అట్నుంచటే చీరాల పుట్టింట్లో దింపేసి రావాలి. అత్తగారు గురవమ్మ కోడలి బట్టల పెట్టె కూడా సర్దించింది. మొగుడేమన్నాడంటారా? నేల చూశాడు. దూడలంత పెట్టెలు కొనే గుండె, పెళ్లాం తరఫున ఒక్క మాట అనడానికి చాల్లేదు.

భవ్యకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

చీరాలలో వాళ్ల నాన్నకి పవర్‌లూమ్‌లున్నాయి. అవి ఆడుతుంటే గూట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే నడుచుకుంటూ వచ్చి కిందపడేవి. మగ్గాన్ని జానెడు జరిపితే ఆగేవి. గ్లాసులకి దెయ్యం పట్టిందని ఎవరూ వేపమండలు కట్టలేదు. పైగా సబ్‌వూఫర్లతో వచ్చిన పుస్తకం ఆ ఇంట్లో చదివింది ఆమె ఒక్కతే. పెట్టెని మనిషి కూర్చునే చోట పెట్టి మోగించాలట. గోడల వెంట నేలమీద పాకుతూ చెవిపెట్టి వినాలట. ఎక్కడ మోత నిండుగా, తేటగా వినబడుతుందో అక్కడ పెట్టె పెడితే, కుర్చీలోనూ అలాగే వినబడుతుందట.

ఆ రాత్రి తొమ్మిది దాటింది. గోడౌను భయానికి ఇంట్లో అందరూ తలుపులు బిగించుకున్నారు. పొద్దున వైద్యుడి ముందుకెళ్లాలని అత్తగారు తలంటు పోయించింది, జుట్టు ఇంకా ఆరలేదు. విరబోసుకునే భవ్య పెరట్లోకి నడిచింది...

లైటు వేస్తే కనబడుతుందని వేయలేదు. ఆంప్లిఫయరు నీలం వెలుగు ఒక్కటే. మూలనున్న పెట్టెలు మోగించింది — టకటక... టకటక. బయటికొచ్చి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. గడియ! తన చట్రంలో వదులుగా ఆడుతోంది. పైటకొంగు దూర్చితే ఆగింది. తీస్తే మళ్లీ టకటక.

"ఇదా మీ దెయ్యం!" అని నవ్వొచ్చింది ఆమెకి. తర్వాత నవ్వు ఆగిపోయింది.

గడియ అదిరింది... కానీ జరగలేదు. నెల్లాళ్ల మోతకి అంగుళం జరగలేదు. జరపాలంటే ఆమెకే రెండు చేతులూ కావలసొచ్చాయి.

ఆదెమ్మ మొగుడు క్రీస్తుదాసు పెరటి వెనక పాకలోనే ఉంటాడు, ఇప్పటికీ వీళ్ల చేలకే నీళ్లు కడతాడు. భవ్య కాపరానికొచ్చిన కొత్తలో ఒకసారి మెల్లిగా అడిగాడు. "గాలికి గడియ పడుద్దా అమ్మా?" పడదని ఇప్పుడు ఆమె చేతులకి తెలిసింది.

లోపలికెళ్లి, కుర్చీ పక్కకి నెట్టి, ఒక పెట్టెని దుప్పటి మీద లాక్కొచ్చి నడుమ పెట్టింది. రెండోది ఆపేసింది. నేలమీద మోకాళ్లు, చేతులు ఆనించి పాకడం మొదలుపెట్టింది. ఆగ్నేయం మూల మోత బండగా ఉంది. నైరుతిలోనూ అంతే. దక్షిణం గోడ మధ్య తేట... ఉత్తరం గోడ మధ్య ఇంకా తేట. సిద్ధాంతి వద్దన్న చోటే!

అప్పుడే తలుపు కిర్రుమంది.

పేరయ్యకి ఒక అలవాటుంది. ఎంత భయమున్నా రోజూ పడుకోబోయే ముందు వచ్చి, ఆ గడియ తీసే ఉందో లేదో తడిమి చూసుకుంటాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి తలుపు ఓరగా ఉంది... లోపల నీలం వెలుగు... నేలలోంచి మూలుగు... జుట్టు విరబోసుకుని, నాలుగు కాళ్ల మీద తనవైపే పాకుతూ —

ఊళ్లో మీసం దువ్వుకుని తిరిగే పేరయ్య గడప లోపలే మోకాళ్ల మీద కుప్పకూలాడు.

"ఆదెమ్మా... నన్నొదిలెయ్ తల్లీ..."

భవ్య ఉన్నచోటే ఆగిపోయింది. 'నేను మామయ్య గారూ' అనబోయింది. అనలేదు.

"గంటాగి తీద్దామనే పెట్టానే... పేకాటలో పడి మర్చిపోయానే..."

ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"గడియ పెట్టిందెవరు?"

"నేనే తల్లీ... నేనే..."

"దేనికి?"

"గుప్పెడు కాయలు కొంగున కట్టుకున్నావని... బుద్ధి రావాలని..."

గుప్పెడు మిరపకాయలు. ఏటా వాకిట్లో తొక్కుళ్లలో పోయేవి అంతకు పదింతలు. భవ్య లేచి లైటు వేసింది.

పేరయ్య కళ్లు చిట్లించి చూశాడు. మీసం మళ్లీ లేవడానికి ఎంతోసేపు పట్టలేదు. "నువ్వా!" అన్నాడు పళ్లు నూరుతూ. "బయట నోరెత్తావో... అయినా నీ మాట ఎవడు నమ్ముతాడే? దెయ్యం పట్టినదానివి!"

నిజమే. ఆ మాట ఊరంతా చాటింది వీళ్లే.

భవ్య కొంగు దోపుకుని, ఆయన మోకాళ్ల మీంచి లేచేలోపే గడప దాటింది. తలుపు లాగింది. రెండు చేతులతో గడియ జరిపింది. కొక్కెంలో ఖణేల్‌మని పడింది.

"అమ్మాయ్! ఏంటా పని? తియ్!"

"గాలికి పడింది మామయ్య గారూ," అంది తలుపు దగ్గరగా నోరుపెట్టి. "భయపడకండి. ఏసీ ఉంది, ఘాటు లేదు. మీరేం చచ్చిపోరు."

పెరటి వెనక పాకలో దీపం ఇంకా ఉంది. క్రీస్తుదాసు లేచి కూర్చున్నాడు.

"బాబాయ్, నువ్వోసారి నన్నో మాటడిగావు," అంది భవ్య. "జవాబు చెప్పేవాడు గోడౌనులో ఉన్నాడు. గడియ నువ్వే తీద్దువుగాని, రా."

ఆయన కండువా భుజాన వేసుకుని ముందు నడిచాడు.

గోడౌను తలుపు దబదబా మోగుతోంది. "కాపాడండ్రో... ఊపిరాడట్లేదురో..." అని లోపల్నించి కేకలు. అంత మోత ఆ రెండు పెట్టెలూ ఎన్నడూ చేయలేదు.

ఇంట్లో గురవమ్మకి మెలకువొచ్చింది. దుప్పటి తలమీదికి లాక్కుంది. "మళ్లీ మొదలెట్టింది ముదనష్టపుది," అని గొణుక్కుని, అటు తిరిగి పడుకుంది.