ఉప్పు లేని పెరుగన్నం

పురసవాక్కంలోని ఆ ఇంట్లో పొద్దునపూట ఊపిరి తీసుకునే తీరిక ఎవరికీ ఉండదు. యతిరాజులు బట్టల కొట్టు తాళాల కోసం వెతుక్కుంటున్నాడు. పదకొండేళ్ల కోకిల జడ రిబ్బను కోసం వెతుక్కుంటోంది. కనకవల్లి కూతురి టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పడలేదని తీసి చూసింది. పెరుగన్నం అడుగున రెండు ఊరమిరపకాయలు, ఓ నిమ్మకాయ ఊరగాయ బద్ద కనబడ్డాయి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కోకిలకు ఊరికే తలనొప్పి, ముక్కు నుంచి రక్తం. మూత్రపిండాల్లో లోపం ఉందని, అందుకే ఈ వయసులో రక్తపోటు వచ్చిందని, మాత్రలతో పాటు ఉప్పు తగ్గించకపోతే ఫిట్స్ రావచ్చని డాక్టరు నెల కిందటే హెచ్చరించాడు. నిన్న మళ్లీ చూస్తే రక్తపోటు ఏమీ తగ్గలేదు. "ఉప్పు పెడుతున్నారా?" అని గద్దిస్తే కనకవల్లి దేవుడి మీద ఒట్టేసి లేదంది. ఆయన నమ్మలేదు.

"అత్తా, ఇది మీ పనేనా?"

తాయారు పూలమాల కడుతూ తల ఎత్తలేదు. "నా పనే. పసిబిడ్డకి బీపీ ఏందే? ఆ డాక్టరు మాట పట్టుకుని దాని నోరు కట్టేస్తావా?"

"రేపు దానికేమన్నా అయితే ఆస్పత్రిలో ఎవరు బదులు చెప్తారు? మీరా, నేనా?"

"పొద్దున్నే ఏందీ గొడవ?" అన్నాడు యతిరాజులు.

"మీరు అంగడికి పోండి. ఇది మా ఇద్దరి సంగతి," అంది కనకవల్లి. అతను పోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

తాయారు చేతిలో దారం ఆగింది. "ఈ ఇంట్లో ఉప్పు లేని కూడు నేను వండింది పోయేవాళ్లకేనే. మా మామకి పెట్టినా. మీ మామకీ పెట్టినా. ఒక్కరూ మంచం దిగలేదు. ఇప్పుడు ఈ బిడ్డకీ ఈ చేత్తోనే పెట్టమంటావా?"

నెల రోజులుగా కనకవల్లి అత్తది మొండితనమనుకుంది. అది భయమని ఇప్పుడు తెలిసి గుండె తరుక్కుపోయింది. వెళ్లి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"అత్తా, కుంభకోణం పోయినప్పుడు ఉప్పిలియప్పన్ కోవెల్లో ప్రసాదం తిన్నాం గదా. ఆ సామి నైవేద్యంలో ఉప్పు వేస్తారా?"

"ఎప్పుడూ వెయ్యరు."

"ఆయనేమన్నా మంచాన పడినాడా?"

"సామిని పట్టుకుని ఏం మాటలే అవి!" అని కసిరింది తాయారు. కానీ గొంతులో మునుపటి పట్టు లేదు. కాసేపటికి తనే లేచి డబ్బాలోంచి మిరపకాయలు, ఊరగాయ ఏరి పారేసింది.

సాయంత్రం కోకిల బడి నుంచి వచ్చేసరికి పొయ్యి దగ్గర తాయారే ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకే పప్పు, ఒకే కూర వండి, దేవుడికి చూపించి వడ్డించింది. యతిరాజులు మొదటి ముద్దకే మొహం చిట్లించాడు.

"అమ్మా, ఇందులో..."

"మాట్లాడకుండా తినరా."

మనవరాలి పక్కన తనూ కంచం పెట్టుకుని కూర్చుని ముద్ద మింగింది.

"అవ్వా, బాగుందా?" అని అడిగింది కోకిల.

"ఏం బాగుందే నా తల్లీ, గడ్డి తిన్నట్టుంది," అంటూ తాయారు రెండో ముద్ద కలిపింది. "అయినా నువ్వు తిన్నన్నాళ్లూ నేనూ ఇదే తింటా. ఊఁ, తిను."

కనకవల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, తన కంచం కూడా తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చుంది.