భుజం మీద చెయ్యి

ఆ కొండ మీది ప్రార్థన గదికి చెడ్డపేరుంది. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్ళినవాళ్ళని అది ఒక పట్టాన వదలదట. తలుపు బిగుసుకుపోతుంది... వెనక ఎవరో ఊపిరి తీస్తుంటారు...

ఇది నాకు మా పిన్ని చెప్పింది. మా పిన్ని బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి. గొప్పకోసం కథలల్లే తెలివి ఆవిడకి లేదు, అందుకే నమ్మాను.

పెళ్ళికి ముందు పిన్ని, కొండ మీది మిషన్ ఆసుపత్రిలో ఏడాదిపాటు సేవ చేస్తానని చర్చిలో లేచి నిలబడి మాటిచ్చింది. అమ్మమ్మ ఆ సంగతి చుట్టాలందరికీ టముకు వేసి చెప్పింది. తీరా వెళ్ళాక తెలిసింది — సేవంటే పాటలు పాడటం కాదు, వేళ్ళు కొరికే చన్నీళ్ళలో రోగుల దుప్పట్లు ఉతకడమని! పొగమంచు దిగితే కిటికీ అవతల లోకమే లేదు. కిందికి పోవాలంటే కూరగాయల జీపు రావాలి, అదీ దారి కనబడితేనే.

వెనక్కి పోతే అమ్మమ్మకి తల కొట్టేసినట్టవుతుంది. ఉంటే ఊపిరాడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి సిగ్గు విడిచి, తెల్లారి వచ్చే జీపులో పోదామని పిన్ని సంచి సర్దుకుంది.

సరిగ్గా ఆ సాయంత్రమే పాస్టరుగారు, మూసిన కన్ను తెరవని ఒక జ్వరం బిడ్డని ఆసుపత్రి బండిలో వేసుకుని కింద పెద్దాసుపత్రికి బయల్దేరారు.

అక్కడొక పద్ధతి ఉంది. తమవాళ్ళెవరైనా రాత్రిపూట కొండదారిలో ఉంటే, చేరినట్టు కబురు వచ్చేదాకా చైన్ ప్రేయర్ ఆగకూడదు. ఒకరి తర్వాత ఒకరు ఆ ప్రార్థన గదిలో చాప మీద మోకరించాలి. తర్వాత వంతు మనిషి వచ్చి, మాటా పలుకూ లేకుండా, వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి పడేదాకా లేవకూడదు.

నడిరాత్రి వంతు పిన్నిది. తర్వాత రావాల్సింది నర్సక్క.

'ఈ ఒక్క వంతు అయిపోతే నా చెర వదిలినట్టే' అనుకుంటూ మోకరించింది పిన్ని. ఆ బిడ్డ కోసం ప్రార్థించింది. తెలిసిన వాక్యాలన్నీ చెప్పేసింది. మళ్ళీ మొదటినుంచీ చెప్పింది...

నర్సక్క రాలేదు.

మోకాళ్ళు మొద్దుబారాయి. ముందున్న దీపం గుడ్డిగా మారింది. అప్పుడు వినిపించింది — వెనక చీకట్లోంచి... ఊపిరి.

ఇక పద్ధతీ లేదు, పాడూ లేదు. పిన్ని ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరికి పరిగెత్తి గట్టిగా లాగింది. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగింది. ఊహూ... ఎవరో అవతలనుంచి పట్టుకున్నట్టే ఉంది!

ఎటూ పోలేక మళ్ళీ చాప మీదే కూలబడి, కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఏసయ్యా... నన్ను బయట పడెయ్యి... ఇంకేమీ అడగను..."

రెండు భుజాల మీదా రెండు చేతులు పడ్డాయి.

కెవ్వున అరవబోయింది...

"నేనే తల్లీ... భయపడకు."

వంటపెద్దమ్మ! ఆసుపత్రికి వండిపెట్టే ముసలామె. అందరూ అలాగే పిలుస్తారు.

"వార్డులో ఎవరికో బాగాలేదు, నర్సు కదల్లేకపోయింది" అంది మెల్లగా. "నేను వెనక బెంచీలోనే ఉన్నాను. రోజూ ఉంటాను."

"రోజూనా? ఎందుకు పెద్దమ్మా?"

ముసలామె శాలువా దగ్గరికి లాక్కుంది.

"నేను నీ వయసులో ఉండగా... నీలాగే ఒక పిల్ల సేవకొచ్చింది. ఇలాంటి రాత్రే. దాని తర్వాత వంతు నాది... నిద్రపోయాను. చెయ్యి పడేదాకా లేవకూడదన్నాం గదా — లేవలేదు. పొద్దున్న వచ్చి చూస్తే... మోకాళ్ళ మీదే ఉంది. చలికి కొయ్యబారిపోయి ఉంది."

పిన్నికి కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళుగా జనం దెయ్యమని హడలిపోయింది, నిద్రకి దూరమైన ఈ ముసలామె ఊపిరికా!

"పద. ఆ తలుపు చెమ్మకి ఉబ్బిపోతుంది. కొంచెం పైకెత్తి లాగాలి, అంతే" అంది పెద్దమ్మ.

పిన్నికి ధైర్యం వచ్చి నవ్వొచ్చింది కూడా. "అయినా పెద్దమ్మా, రెండు చేతులూ వేసి ప్రాణం తీశారు! ఆ ఎడమ చెయ్యేంటి, అంత చల్లగా..."

పెద్దమ్మ గక్కున ఆగిపోయింది.

"నేను కుడిచెయ్యే వేశానమ్మా." శాలువా పక్కకి తీసి చూపించింది. వత్తి తగ్గించిన లాంతరు... ఎడమచేతిలో. "ఇది కింద పెట్టనే లేదు."

ఇద్దరూ చాప వైపు చూశారు. అక్కడెవరూ లేరు.

పెద్దమ్మ లాంతరు పిన్ని చేతికిచ్చి, వెనక్కి వెళ్ళి, చాప పైన ఉత్త గాలిలో... భుజం ఉండేంత ఎత్తులో... చెయ్యి వేసింది.

"లే తల్లీ... ఆలస్యమైంది. నా వంతు నేను కూచుంటాను."

దీపం ఒక్కసారి ఊగింది. తర్వాత పెద్దమ్మ అక్కడే మోకరించింది.

తెల్లారింది. జీపు వచ్చింది, కబురు తెచ్చింది — బండి క్షేమంగా చేరింది, బిడ్డ కళ్ళు తెరిచింది. డ్రైవరు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "ఎక్కమ్మా, మళ్ళీ మంచు దిగితే కదల్లేం" అన్నాడు.

పిన్ని సంచి సీట్లో పెట్టింది. ఒక కాలు పైకి పెట్టింది. ఆగిపోయింది. పైన పెద్దమ్మ ఇంకా మోకాళ్ళ మీదే ఉంటుంది. చెయ్యి పడందే లేవదు...

"నువ్వు వెళ్ళు బాబూ" అని సంచి దించేసుకుని, పెద్దమ్మకిద్దామని ఆ టీ గ్లాసు రెండు చేతుల్లోనూ పట్టుకుని పైకి నడిచింది.

సగం దారిలో పెద్దమ్మే ఎదురొచ్చింది. ఏళ్ళ బరువు దింపుకున్న మొహంతో, తీరిగ్గా నడిచొస్తోంది.

"మళ్ళీ వచ్చావేంటమ్మా? ఇందాకే గదా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశావు... ఎంత చల్లగా ఉందే తల్లీ నీ చెయ్యి!"

పిన్ని చేతుల్లో టీ ఇంకా పొగలు కక్కుతోంది.