రెండు కిటికీల రాకెట్

"చెంబుకి తోకలెందుకండీ?" అంది లావణ్య, అతనిచ్చిన కాగితం చూసి.

"అది చెంబు కాదండీ, రాకెట్. మీరు తిరగేసి పట్టుకున్నారు."

లావణ్య కాగితం తిప్పింది. "ఇప్పుడు మూత కూడా కనిపిస్తోంది."

పెడనలో ఆమె తండ్రి మాణిక్యం గారి కలంకారీ అద్దకం షెడ్డుకి నెమళ్ళు కావాలని వస్తారు, మామిడిపిందెలు కావాలని వస్తారు. రాకెట్ దుప్పటి కావాలని వచ్చినవాడు మాత్రం అవనిగడ్డ వంశీ ఒక్కడే. జనరేటర్ మెకానిక్. కార్తీకం వెళ్ళగానే అంటార్కిటికాలో పరిశోధన కేంద్రానికి పద్నాలుగు నెలల డ్యూటీ మీద పోతున్నాడు. అక్కడ కప్పుకోవడానికి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న క్యాసెట్లో చూపించిన పాత ఇంగ్లీషు సీరియల్లోని అంతరిక్షనౌక బొమ్మ కావాలట.

కొయ్య అచ్చులు చెక్కే ఎల్లయ్య నెల గడువడిగాడు. ఆ నెలలో వంశీ ఎనిమిదిసార్లు వచ్చాడు. అచ్చు తయారయ్యేది ఎల్లయ్య ఇంట్లో. ఇతను వచ్చి కూర్చునేది లావణ్య బల్ల దగ్గర. అద్దకం నేర్చుకుంటానన్నాడు. మాణిక్యం గారు పాత గుడ్డలిచ్చి నేర్పారు. గుడ్డలే నయం, త్వరగా దారికొచ్చాయి.

"ఇంతకీ ఆ సీరియల్లో ఏమవుతుంది?" ఒక వానపూట అడిగింది లావణ్య.

"కెప్టెన్ నలభై ఏళ్ళ ప్రయాణానికి వెళ్తాడండీ. నౌకకి ఒక్కటే కిటికీ. అందులోంచి, ప్రేమించిన అమ్మాయి ఉన్న భూమి వంక చూస్తుంటాడు."

"ఆ అమ్మాయో?"

"చెయ్యూపుతుంది."

"నలభై ఏళ్ళా? భుజం పడిపోదూ! ఉంటావా, వస్తావా అని ఆ పిల్లని ఎవరూ అడగరా?"

"అంతకాలం ఆగమనడం అన్యాయం కదండీ."

"అడక్కపోవడం న్యాయమా?"

బయట వాన జోరు పెరిగింది. లోపల వంశీ చూపు కూడా. లావణ్య చేతిలోని నెమలి అచ్చు వంక చూస్తూ, "ఆదివారం నన్ను చూసుకోవడానికి గుడివాడ నుంచి వస్తున్నారు. ఎరువుల షాపట," అంది.

"మంచి వ్యాపారమండీ," అన్నాడు వంశీ.

చేతిలో ఉన్నది బరువైన టేకు అచ్చు. విసరకుండా ఎలా ఊరుకుందో ఆమెకే తెలియదు.

మర్నాడు ఆమె బందరు వెళ్ళిన సమయంలో, మాణిక్యం గారు భోంచేసి నడుం వాల్చిన వేళ, వంశీ ఎల్లయ్యతో చెక్కించుకున్న కొత్త అచ్చుతో వచ్చి తన దుప్పటి తనే అద్దుకుని పోయాడు. లావణ్య తిరిగొచ్చేసరికి దండెం మీద కరక్కాయ నీళ్ళలో ముంచిన పసుపు తప్ప మరేమీ లేని బోసి బట్ట, దానికో చీటీ. "సారీ అండీ. ఒక్క బొమ్మా పడలేదు. నాకు రాసిపెట్టి లేదు. శుక్రవారం సాయంత్రం బండికి వెళ్తున్నాను."

మనసు మార్చుకుని సాకు చెప్పాడనుకుంది. రెండు రోజులు బట్టల మీద అచ్చులు దబదబా బాదింది.

శుక్రవారం మధ్యాహ్నం, బట్ట వృథా చేయడమెందుకని మాణిక్యం గారు దాన్ని కాలవలో జాడించి, మిగతావాటితో కలిపి రాగి కాగులో పడేశారు. ఎర్ర రంగు దిగే చెక్క వేసిన నీళ్ళు మరుగుతున్నాయి. కర్రతో తిప్పుతున్న లావణ్య చెయ్యి ఆగిపోయింది.

బట్ట మీద రాకెట్లు లేస్తున్నాయి. ఒకటి, నాలుగు, ఇరవై. అన్నీ వంకరే. ఒక్కోదానికి రెండేసి కిటికీలు. ఒక కిటికీలో తల, రెండో కిటికీలో జడ వేసుకున్న తల.

ఎర్ర బొమ్మలకి ముందు అద్దేది పటికనీళ్ళు; మరిగే కాగులో రంగు అక్కడే పట్టుకుంటుంది. వాటికి సొంత రంగుండదు. ఎక్కడ పడిందో తెలియడానికి అందులో కాస్త ఎరుపు కలిపి అద్దుతారు. ఎరుపు కలపని కుండలో ముంచాడు మహానుభావుడు! తడిగా ఉన్నంతసేపూ మరక కనిపించి, ఆరగానే మాయమై ఉంటుంది. ఉడికితేనే బొమ్మ బయటపడుతుందన్న పాఠం ఎనిమిది రోజుల చదువులో రాలేదు.

ఫోన్ చేయొచ్చు. కానీ కాగులోంచి తీసిన దుప్పటిని ఫోన్లో ఎలా ఇస్తారు? బకెట్లో వేసుకుని స్టేషన్‌కి పరుగెత్తింది.

"ఎక్కడికే?" అన్నారు మాణిక్యం గారు.

"గుడివాడ దాకా నాన్నా!"

"వాళ్ళు ఎల్లుండి వాళ్ళే వస్తున్నారుగా!"

బందరు నుంచి వచ్చిన బండి పెడనలో ఆగింది. మూడో పెట్టెలో కిటికీ పక్కన వంశీ. లావణ్య ఎక్కి, బకెట్ అతని కాళ్ళ దగ్గర దించింది.

"మీ దుప్పటి. ఆర్డరిచ్చాక వద్దంటే కుదరదండీ."

వంశీ దుప్పటి ఎత్తాడు. ఎర్రనీళ్ళు ప్యాంటు మీద కారుతున్నా చూసుకోలేదు. "ఇవి... పడ్డాయా!"

"పడ్డాయి, వంకరగా. జడ ఎవరిది?"

"మీదే."

"అయితే అడగండి. లేదా కెప్టెన్లా కిటికీలోంచి చూస్తూ పొండి."

పక్కన వేరుశనక్కాయలు ఒలుస్తున్న పెద్దావిడ ఒలవడం ఆపేసింది. వంశీ గొంతు సవరించుకున్నాడు.

"పద్నాలుగు నెలలు... ఆగుతారా లావణ్య గారూ?"

"చెయ్యూపుతూ ఆగను. నాకు షెడ్డుంది, పనుంది. పని చేసుకుంటూ ఆగుతాను."

"హమ్మయ్య," అంది పెద్దావిడ, మళ్ళీ ఒలుచుకుంటూ.

గుడివాడ వస్తుండగా మాణిక్యం గారి ఫోన్. "కాగులోంచి తీస్తుంటే చూశానమ్మా ఆ బట్టని. ఆ జడ ఎవరిదో ఇప్పుడు తట్టింది. ఒక్క అచ్చూ తిన్నగా లేదు. తిరిగొచ్చాక బల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పాలి."

"ఎవరికి నాన్నా?"

"ఎవరికేంటి, అల్లుడికి! ఎరువులవాళ్ళతో నేను మాట్లాడతాలే. వచ్చేటప్పుడైనా టికెట్ తీసుకో."

గుడివాడలో లావణ్య దిగింది. బండి కదిలింది. ఒక కిటికీలో వంశీ, పక్క కిటికీకి ఆరేసిన రాకెట్లు. పెద్దావిడ ఎక్కడికి జరిగిందో మరి.

చెయ్యి ఊపకూడదని గట్టిగా అనుకుంది లావణ్య. అందుకే ఊపలేదు. బండి కనుమరుగయ్యేదాకా ఖాళీ బకెట్ ఊపింది.