ఐదున్నర గంటల హత్య

సుమ్మాదేవి స్టేషన్ దాటాక పట్టాల పక్కన దొరికిన శవానికి పది వేళ్లూ మాడిపోయి ఉన్నాయి.

రైలు కింద పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. రైలు మనిషిని ముక్కలు చేస్తుంది గాని, వేళ్లు ఏరుకుని కాల్చదు. జీడిపెంకు నూనె ఒంటికి తగిలితే చర్మం ఊడిపోతుందని పలాసలో చిన్నపిల్లలకైనా తెలుసు. ఆ నూనెను మరగబెట్టి, ఒక్కో వేలూ అందులో ముంచారు. చచ్చినవాడి పేరు అజయ్. ఉద్దానం తీరంలో ప్రతి మత్స్యకారుడి ఫోన్‌లోనూ ఉన్న 'కడలి కబురు' యాప్ రాసింది అతనే. అతను సీక్రెట్ సర్వీస్ మనిషన్న సంగతి మాత్రం కన్నతల్లికి కూడా తెలియదు.

"అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం చంపారు," అన్నాడు చీఫ్ సీతారాం, విశాఖలోని తన ఏసీ గదిలో ఫొటోలు తిరగేస్తూ. "బ్లాక్ యాంకర్ ముఠా పని. సముద్రం అవతలి దేశం వాళ్లకి జీతాలిస్తోంది. పదో వేలు దాకా ఓర్చుకున్నట్టున్నాడు పాపం."

'పాపం' అన్న మాట ఆయన నోట్లోంచి బిల్లు మీద టాక్స్ లాగా వచ్చింది. ఎదుట కూర్చున్న ఏజెంట్ షాలేమ్ రాజుకు ఒళ్లు మండింది.

షాలేమ్ రాజు అన్నది గూఢచారికి నప్పే పేరు కాదు. టెక్కలి బాప్టిస్టు సంఘంలో పాటలు పాడేవాడికి నప్పుతుంది, ఒకప్పుడు పాడేవాడు కూడా. తర్వాత పాటలు మానేసి తుపాకీ పట్టాడు. ఒట్టి చేతులతో మెడ విరవగలడు, నడిచే రైలెక్కగలడు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాత్రం అరచేతులు చెమటలు పడతాయి.

"యాప్ నడిచే సర్వర్ కాశీబుగ్గలో ఒక కోచింగ్ సెంటర్ లోపలి గదిలో ఉంది," అన్నాడు చీఫ్. "బయటి నుంచి దాన్ని తాకలేం. లోపలికి పోయేది స్టూడెంట్లే. నువ్వు వెబ్ డెవలప్‌మెంట్ కోర్సులో చేరుతున్నావు."

"నాకు ఎక్సెల్ కూడా రాదు సార్. మన ప్రోగ్రామర్లు..."

"వాళ్ల మొహాల్లో ఉద్యోగం కనిపిస్తుంది. నీది నిరుద్యోగి మొహం. అదే డిస్‌గైజ్."

చీఫ్ బద్ద విడిపోని జీడిపప్పు గుండు ఒకటి బల్ల మీద పెట్టాడు. విరిస్తే లోపల పెన్‌డ్రైవ్. కోడ్ వర్డ్ కూడా పలాస సరుకే: 'గుండ్లున్నాయా?' అని అవతలివాడు అడిగితే, 'బద్దలే మిగిలాయి' అని జవాబివ్వాలి.

"దాన్ని పొరపాటున తినెయ్యకు," అన్నాడు చీఫ్, నవ్వకుండా.

కోచింగ్ సెంటర్‌లో పాఠం చెప్పేది మోహిని. ఆమె మెట్లెక్కుతుంటే కింద జీడిపప్పు షాపులవాళ్లు తూకం మర్చిపోయేవారు. అందం అంతవరకే. తరగతిలోకి వచ్చాక ఆమె నాలుకకు రెండు వైపులా పదునే.

"ఫ్రేమ్‌వర్క్ అంటే స్తంభాలూ కప్పూ ముందే నిలబెట్టి ఇచ్చిన ఇల్లు," అంది మొదటిరోజే. "గోడలు మాత్రమే మీరు కట్టాలి. అదీ చేతకానివాళ్లు జీడితోటల్లో పిక్కలు ఏరుకోవచ్చు."

షాలేమ్ రాజు గోడలు వరసపెట్టి కూలాయి. హోమ్ పేజీ తెరుచుకోలేదు. ఒక ఎర్రర్ సరిచేస్తే వెనకాల ఇంకో రెండు వచ్చేవి. అతని స్క్రీన్‌ని ప్రొజెక్టర్ మీద పెట్టి మోహిని తరగతి చేత నవ్వించేది. ఒకరోజు పేజీ ఎందుకు రాలేదో చెప్పేదాకా నిలబెట్టింది. మధ్యాహ్నం భోజనం లేదు, మంచినీళ్లు కూడా లేవు.

"ఎర్రర్‌ని పైనుంచి ఎందుకు చదువుతావ్? పైనంతా ఏడుపు. ఎవడు చంపాడో చివరి లైన్‌లో ఉంటుంది. అక్కడ మొదలుపెట్టు."

ఆ మాటతో ఏదో తలుపు తెరుచుకుంది. కింది నుంచి చదివాడు, తప్పు దొరికింది, పేజీ వచ్చింది. మనుషుల్ని వెంటాడినట్టే తప్పుల్నీ వెంటాడవచ్చని అర్థమయ్యాక చదువు మీద ఆకలి పుట్టింది. ఆమె మీద అసహ్యం ఉండాల్సిన చోట గౌరవం మొలవడం అతనికే సిగ్గనిపించింది.

బస అక్కుపల్లిలో, ఢిల్లీరావు ఇంటి ముందుగదిలో. ఢిల్లీరావు సముద్రం మీద బతికేవాడు. యాప్ అంటే అతనికి గురి. గాలివాన సంగతి టీవీ కంటే ముందు యాప్ చెప్పేది, అందుకని ఊరంతా టీవీ వార్తలు చూడడం మానేసింది. అతని భార్య జగదాంబ మాత్రం అద్దెకున్నవాణ్ణి రోజూ ఒకే ప్రశ్న అడిగేది.

"ఏటి బావా, ఇయాలైనా నీ పేజీ తెరుసుకుందేటి?"

తెరుచుకుందన్న రోజున ఆమె రొయ్యల కూర వండిపెట్టింది.

ఆ ఆదివారం పొద్దున్నే ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. తూర్పున, బాగా లోపల, చేపల గుంపు ఉందని యాప్ కబురు. మధ్యాహ్నానికి బయల్దేరాలని పడవలన్నీ వలలు సర్దుకుంటున్నాయి. ఢిల్లీరావు డీజిల్ క్యాన్ భుజానికెత్తుకుని కేకేశాడు.

"మావా, రేపు నీకు కోనేం సేప ముక్కలే! ఆకలి దాసుకో!"

కోచింగ్ సెంటర్‌కు సెలవు. మారు తాళంతో షాలేమ్ రాజు లోపలి గదిలోకి దూరేసరికి మధ్యాహ్నం దాటింది. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. అందులోని దొంగ ప్రోగ్రామ్ అడ్మిన్ తలుపు తీసింది. సర్వర్ తన పనులన్నీ వరసగా రాసుకునే లాగ్ తెరిచి, చివరి లైన్ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

తుపాను హెచ్చరిక ఒకటి అక్కడే పడి ఉంది. సాయంత్రానికి భారీ సుడిగాలి, పడవలు వెంటనే తిరిగి రావాలి. పంపాల్సిన సమయం: పన్నెండు గంటలు. స్థితి: వేచి ఉంది.

గోడ గడియారం ఒంటిగంటా పన్నెండు చూపిస్తోంది. మరి ఇంకా దేనికోసం వేచి ఉంది?

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"గుండ్లున్నాయా?" అంది అవతలి గొంతు.

"బద్దలే మిగిలాయి. సార్, తుపాను హెచ్చరిక ఆపేశారు. అక్కుపల్లి పడవలన్నీ దాని నోట్లోకి పోతున్నాయి. కోస్ట్‌గార్డ్‌కి చెప్పండి."

"తెలుసు," అన్నాడు చీఫ్. "పడవలు మునుగుతాయి, కోస్ట్‌గార్డ్ అటు పరిగెడుతుంది. ఆ సందులో బారువ వైపు ఇసుకలో బ్లాక్ యాంకర్ ఆయుధాలు దించుతుంది. నేను అక్కడ మాటు వేశాను. పడవలు వెనక్కి తిరిగితే ముఠాకు అనుమానం వస్తుంది. పోనివ్వు."

"వంద మంది దాకా ఉన్నారు సార్."

"జనాభా లెక్కలు తర్వాత. సర్వర్ ముట్టుకోకు. ఇది ఆర్డర్."

లైన్ కట్ అయింది. జీవితంలో మొదటిసారి షాలేమ్ రాజు చీఫ్‌ని బూతు తిట్టాడు, అదీ ఆదివారం పూట. వెంటనే ఢిల్లీరావుకు ఫోన్ చేశాడు. ఇంజన్ మోతలో గొంతు చీలికలు పీలికలుగా వినిపించింది.

"ఢిల్లీ, ఎనక్కి తిరగండి! పెద్ద గాలి వత్తాది!"

"యాప్‌లో ఏటీ నేదు మావా. ఆకాశం అద్దంలాగుంది."

"యాప్ సెడిపోయింది. నా మాట ఇను."

అటు నవ్వు వినిపించింది. "నీకు నెల్లాళ్లకి గాని ఒక్క పేజీ తెరుసుకోనేదు. నువ్వు సెప్తే యాప్‌ని కాదనాలేటి? కాసేపట్లో టవర్ దాటిపోతాం, మరి ఫోన్ అందదు. ఉంటాను మావా!"

టవర్ దాటితే హెచ్చరిక పంపినా ఒకటే, పంపకపోయినా ఒకటే. కొట్టడానికి ఎదుట మనిషి లేడు, ఉన్నదల్లా ఒక తప్పు. దాన్నే పట్టుకోవాలి.

లాగ్‌ని మళ్లీ కింది నుంచి చదివాడు. ప్రతి లైన్ ముందూ సర్వర్ తన టైమ్ వేసుకుంటోంది. అప్పుడే పడ్డ చివరి లైన్ ముందు ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు దాటినట్టుంది. గడియారం ఆగిపోయిందా అనుకున్నాడు. లేదు, సెకన్లు కదులుతున్నాయి. వేళ్ల మీద లెక్క కట్టాడు. గోడ గడియారానికీ సర్వర్‌కీ తేడా ఐదున్నర గంటలు.

సర్వర్ మన దేశపు టైమ్‌లో లేదు, లండన్ వైపు లెక్కలో నడుస్తోంది. దానికింకా పన్నెండు కాలేదు. అది పన్నెండనుకునేసరికి ఇక్కడ సాయంత్రం ఐదున్నర అవుతుంది, అప్పటికి హెచ్చరిక వినేవాడెవడూ బతికుండడు.

సెట్టింగ్స్ ఫైల్ తెరిచాడు. టైమ్ జోన్ లైన్ దొరికింది. మార్చాడు. సేవ్ కొట్టాడు. ఏమీ జరగలేదు.

"బాగా చదువుకున్నావు," అంది వెనక నుంచి మోహిని.

ఆదివారం చీర, చెవులకు ముత్యాలు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"చేతులు కీబోర్డ్ మీదే ఉంచు. ఆ లైన్ నేనే మార్చాను, అజయ్ పాస్‌వర్డ్‌తో. హెచ్చరికని తీసేస్తే కుట్ర అంటారు. ఆలస్యం చేస్తే? ఎంక్వైరీ వేస్తారు, కోడ్ తెరుస్తారు, టైమ్ జోన్ చూస్తారు. పలాస కోచింగ్ కుర్రాడు అజయ్, నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పే చేశాడు పాపం అని ఫైల్ మూసేస్తారు. చచ్చినవాడు కాదనడు కదా."

"చీఫ్‌కి బారువ సంగతి చెప్పింది కూడా నువ్వేనా?"

"మరి? వాళ్ల దగ్గరా జీతం, మీ దగ్గరా జీతం. ఇవాళ ఇద్దరికీ పడవలు మునగడమే కావాలి. నీకొక్కడికే వద్దు."

షాలేమ్ రాజు స్క్రీన్ వైపే చూస్తున్నాడు. ఫైల్‌లో టైమ్ జోన్ సరిగానే ఉంది. లాగ్ మాత్రం ఇంకా పాత గడియారమే చూపిస్తోంది. హెచ్చరిక ఇంకా వేచి ఉంది. అతని మొహంలో ఆ అయోమయం చూసి మోహినికి నవ్వాగలేదు. పిస్టల్ పట్టుకున్న మనిషి నోరు మూసుకుని కాల్చేస్తే సరిపోయేది. కానీ ఆమె లోపలున్నది టీచరమ్మ. ఎదుట వెర్రిమొహం వేసుకున్న స్టూడెంట్ కనపడితే ఆ నాలుక ఊరుకోదు.

"నెల రోజులు చెప్పాను, బుర్రకెక్కిందా? సేవ్ చేస్తే అయిపోతుందా? రీస్టార్ట్ ఎవడు చేస్తాడు, మీ పాస్టరు గారా?"

చెప్పాక గాని ఏం చెప్పిందో ఆమెకు తెలియలేదు.

షాలేమ్ రాజు రీస్టార్ట్ కమాండ్ వెతకలేదు. వంగి, గోడకున్న సర్వర్ ప్లగ్ ఊడబెరికాడు. గది నిశ్శబ్దమైపోయింది. పిస్టల్ దగ్గినట్టు చప్పుడైంది. ప్లగ్ పట్టుకున్న కుడిచేతిలోంచి రెండు వేళ్లు ఎగిరి గోడకు కొట్టుకున్నాయి. నొప్పి తెలిసేలోపే ఎడమచేత్తో ప్లగ్ మళ్లీ గుచ్చాడు. సర్వర్ ఫ్యాన్ గుర్రుమంది.

రెండో గుండు భుజం చీల్చింది. ప్లగ్‌కు అడ్డంగా పడుకుని, దాన్ని వీపుతో గోడకు అదిమిపెట్టాడు. మోహిని దగ్గరికి వచ్చి, మడమతో అతని తెగిన వేళ్ల మొదళ్లు తొక్కింది.

"జరుగు."

జరగలేదు. చిన్నప్పుడు సంఘంలో పాడిన పాట ఏదైనా గుర్తొస్తుందేమోనని చూశాడు. ఒక్కటీ రాలేదు. జగదాంబ రొయ్యల కూర గుర్తొచ్చింది. చల్లటి గొట్టం నుదుటికి ఆనింది.

అప్పుడే ఆమె భుజానున్న హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైరన్ కూత పెట్టింది. యాప్ ఆమె ఫోన్‌లోనూ ఉంది. 'సుడిగాలి. పడవలు వెంటనే తిరిగి రండి' అంటూ అజయ్ రికార్డు చేసిన గొంతే గదిలో మోగింది. తాను వేళ్లు కాల్చి చంపించిన మనిషి గొంతు. ఒక్క క్షణం మోహిని చెయ్యి బిగుసుకుపోయింది, షాలేమ్ రాజుకు అంతే చాలు. కాళ్లతో ఆమె మోకాలు విరిచి, పడ్డాక కీబోర్డ్‌తో తల మీద కొట్టాడు. అవసరమైన దానికంటే రెండు దెబ్బలు ఎక్కువే కొట్టాడు.

సముద్రంలో పడవలన్నీ వెనక్కి తిరిగాయి. ఆఖరి పడవ ఒడ్డెక్కుతుండగా గాలి లేచింది. సుడిగాలి అంచు తప్పించుకుని ఒడ్డు చేరవచ్చని బారువ వైపు వస్తున్న ముఠా బోటులో, ఆ లెక్క తప్పని చెప్పే కడలి కబురు లేదు. అది ఆయుధాలతో సహా మునిగింది. పదకొండు శవాలు తర్వాత తీరానికి కొట్టుకొచ్చాయి, చీఫ్ సీతారాంకు కావలసిన సరుకు మాత్రం రాలేదు.

ఆయన ఆస్పత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చోకుండానే మాట్లాడాడు.

"పట్టుకోవడానికి సరుకు లేదు. కోర్టులో చూపించడానికి సాక్ష్యం లేదు. వంద మంది జాలర్లున్నారు, వాళ్లనేం చేసుకుంటాను?"

"మోహిని ఉంది కదా సార్. అన్నీ చెప్తుంది. మీకు బారువ కబురు అమ్మిన సంగతి కూడా."

"నరసన్నపేట దగ్గర జీపు దిగి పారిపోబోయింది. కాల్చాల్సి వచ్చింది."

ఆ విరిగిన మోకాలుతో ఎంత దూరం పరిగెత్తిందని షాలేమ్ రాజు అడగలేదు. చీఫ్ వెళ్లాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. తన చేతిని ముక్కలు చేసిన మనిషి కోసం, అజయ్‌ని చంపించిన మనిషి కోసం ఏడవడం ఏం ధర్మమో తెలియలేదు. ఎర్రర్ చదవడం నేర్పిందని ఏడ్చాడు, అంతే.

సాయంత్రం ఢిల్లీరావు వచ్చాడు. కట్టు కట్టిన చేతిని చూసి, కోచింగ్ సెంటర్‌లో కరెంటు షాక్ కొట్టిందన్న కథ నమ్మి, నాలుక చప్పరించాడు. తర్వాత ఫోన్ తీసి చూపిస్తూ అసలు బాధలోకి దిగాడు.

"నీ సెయ్యి సంగతి అలాగుంచు మావా. ఈ యాప్ సేసిన పని సూడు. వల నిండా సేప పడతాదనుకున్న టైములో కుయ్యోమని అరిసి ఎనక్కి లాక్కొచ్చీసింది. రెండు గంటలాగి అరవకూడదేటి? కడుపు మండి ఒక్కటే స్టార్ ఇచ్చాను."

షాలేమ్ రాజు అతన్ని చాలాసేపు చూశాడు. ఎండకు నల్లబడ్డ మొహం, ఉప్పుకు పగిలిన పెదాలు, నిక్షేపంగా ఆడుతున్న ఊపిరి.

"ఆ ఒక్కటి మాత్రం ఎందుకిచ్చావు?"

"సున్నా ఇవ్వనీట్లేదు మావా!"